మనిషికి రెండు, బిడ్డకు మూడు

ఆదివారం పొద్దున ఇంట్లో ఉప్మా ఉండదని, పూరీ అసలే ఉండదని, వసంత వంటింటి గడప తొక్కాల్సిన పని కూడా లేదని మధు శనివారం సాయంత్రమే ప్రకటించాడు. మధు గద్వాలలో ఓ పత్తి విత్తనాల కంపెనీలో ఫీల్డ్ ఆఫీసరు. ఏ మందు ఎప్పుడు కొట్టాలో రోజంతా రైతులకు చెబుతుంటాడు. చెప్పడం అలవాటైన మనిషి. ఆ వారం మాత్రం డాక్టరే ఆయనకు చెప్పాడు, చక్కెర గీత దగ్గరికి వచ్చి నిలబడిందని, తెల్లన్నం తగ్గించి చిరుధాన్యాలు, పండ్లు తినమని. ఇంకొకరైతే జొన్నరొట్టె తిని ఊరుకునేవారు. మధు ఫోనులో వాఫుల్స్ అనే విదేశీ గళ్ల అట్లు చేసే వీడియో చూశాడు.

"జొన్నపిండి, రాగిపిండి, గోధుమపిండి కలిపి, పండ్లేసి చేస్తరు. అందరం టేబుల్ కాడ కూసొని తినొచ్చు," అన్నాడు భార్యకు వీడియో చూపిస్తూ.

వసంత చివరిదాకా చూసింది. "పిండి ఇంట్ల ఉన్నది. పండ్లు అంగట్ల ఉన్నయ్. టేబులే లేదు," అంది.

టేబుల్ సంగతి తరువాత చూద్దామన్నాడు మధు. వాఫుల్స్ చేసే మిషన్ ఆన్‌లైన్లో ముందురోజే వచ్చేసింది. నల్లగా, బరువుగా ఉంది. మూత తెరిస్తే లోపల పైనా కిందా గళ్లు గళ్లుగా రేకులున్నాయి. పద్నాలుగేళ్ల కూతురు తేజస్విని ఇంట్లో ఉన్న ఆ ఒక్క ఫోనుతో దాని ఫోటో తీసి స్నేహితురాళ్లందరికీ పంపేసింది. ఇక వెనక్కి తగ్గే దారి లేదు.

సరిగ్గా అప్పుడే రాజోలి నుంచి మధు తల్లి భీమమ్మ ఫోను చేసింది. జొన్నలు పట్టించడానికి గిర్నీకి వెళ్లిన ఆమెకు, వంతు వచ్చేదాకా ఊరికే కూర్చోవడం ఎందుకని చిన్నకొడుకు గుర్తొచ్చాడు. గిర్నీ తిరుగుతుంటే పక్కనున్న మనిషి మాటే వినబడదు. గట్టిగా అరవడం ఒక్కటే ఆమెకు తెలిసిన ఉపాయం.

"రేపు ఐతారం గదరా, ఏం చేసుకుంటున్రు?"

"వాఫుల్స్, అమ్మా."

"ఏందీ?"

"వాఫుల్స్."

భీమమ్మ చెవికి చేరింది వాపులు.

"ఎవరికి రా?"

"అందరికి. నాకు, వసంతకు, తేజుకు."

"అయ్యో కొడుకా. డాక్టరుకు చూపిచ్చుకున్నవా?"

తల్లి చక్కెర గురించి అడుగుతోందనుకున్నాడు మధు. "చూపిచ్చుకున్న. ఆయన చెప్పినంకనే గదా ఇదంత. అన్నం తగ్గియ్యుమన్నడు. గింజలు, పండ్లు తినుమన్నడు."

"ఎన్ని రా?"

"మనిషికి రెండు. బిడ్డకు మూడు."

"ఎంతెంత ఉంటయ్?"

"అరచెయ్యంత. మీద గళ్లు గళ్లు ఉంటయ్. మంచిగ ఉబ్బుతయ్ అమ్మా. ఎర్రగయినంక తియ్యాలె."

అవతల గిర్నీ చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. వంతు వచ్చినట్టుందని మధు ఫోను పెట్టేశాడు. తన వంట గురించి తల్లి అంత శ్రద్ధగా అడిగినందుకు అతనికి ముచ్చటేసింది.

భీమమ్మ జొన్నలు గిర్నీలోనే వదిలేసి ఇంటికి వచ్చి, పెద్దకొడుకు రాజు ముందు కూలబడి ఏడ్చింది. రాజు తమ్ముడితో మాట్లాడి రెండేళ్లయింది. తేజస్వినికి ఓణీలు ఇచ్చిన ఫంక్షన్లో మధు తన కంపెనీ పెద్దలను మొదటి బంతిలో కూర్చోబెట్టే హడావుడిలో పడి, సొంత అన్నను "తిను" అని ఒక్క మాట అనలేదు. రాజు ఖాళీ పళ్లెం పట్టుకుని కాసేపు నిలబడ్డాడు. తరువాత ఆ పళ్లేన్ని కడిగి, బోర్లించి, గడప దాటుతూ అందరూ వినేలా చెప్పాడు. "నీ ఇంట్ల అన్నం గని, రొట్టె గని, ఆఖరికి ఛాయ్ గని నేను ముట్ట." అన్నమాట వెనక్కి తీసుకునే అలవాటు ఆ వంశంలో లేదు. చెప్పుకోవడానికి ఆ వంశానికి వేరే గొప్ప కూడా లేదు.

తల్లి చెప్పింది విని రాజు కండువా దులిపి భుజాన వేసుకున్నాడు.

"వానితోని నేను మాట్లాడ," అన్నాడు. "పొద్దుగాల్నే బండి మాట్లాడుత."

బండి మాట్లాడితే అందులో చోటుంటుంది. చోటుంటే మనుషులుంటారు. వాపులకు పసరు కట్టే నర్సమ్మను భీమమ్మే బతిమాలి ఎక్కించింది. చూసి రావాలి కదా అని చుట్టాలు నలుగురు ఎక్కారు. రోగిని చూడబోయేవాళ్లు ఉత్త చేతులతో పోరు కాబట్టి అరటిపండ్లు, బ్రెడ్డు ప్యాకెట్లు, దారిలో అమ్ముతున్న సీతాఫలాల గంప కూడా ఎక్కాయి.

ఇక్కడ గద్వాలలో మధు పొద్దున్నే లేచి, స్నానం చేసి, వసంతలా కొంగు నడుముకు దోపుకోవడం ఒక్కటే తక్కువగా వంటింట్లో దిగాడు. వసంతను బయటికి పంపేశాడు. ఆమె వెళ్లి గడప మీద కూర్చుంది. కూర్చుందే గానీ, ఆమెకు విశ్రాంతి దొరకలేదు.

"పెద్ద గిన్నె ఏడున్నది?"

"మీ ఎనుక."

"గోధుమపిండి?"

"మీ చెయ్యి కింద."

"జల్లెడ?"

"నేనే వచ్చి చేస్త గదా."

"వద్దు. నువ్వు ఆరాంగ కూసో."

ఫోనును డబ్బాకు ఆనించి, వీడియో చూస్తూ మధు పిండి కలుపుతున్నాడు. ఇంతలో తల్లి ఫోను వచ్చింది. అది వస్తే వీడియో ఆగిపోతుంది. చేతులకు పిండి ఉంది. మోచేత్తో నొక్కి ఫోను కట్ చేశాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ కట్ చేశాడు. మూడోసారి మోచెయ్యి కొంచెం గట్టిగా తగిలి, ఫోను జారి పిండిలో పడింది. తీసి తుడిచేసరికి అది వీడియో చూపడం, మోగడం రెండూ మానేసింది. మిగతా వంట జ్ఞాపకం మీదే నడపాల్సి వచ్చింది.

మొదటి వాఫుల్ మూత తెరవగానే నిలువునా చీలి, సగం పై రేకుకు, సగం కింది రేకుకు అంటుకుపోయింది. అంచుల నుంచి కారిన పిండి పొయ్యి గట్టంతా పరుచుకుంది. మొదటిది అంటుకున్నది తొందరపడినందుకేనని రెండోదాన్ని బాగా కాలనిచ్చాడు. అది ఎంత బాగా కాలిందంటే వంటిల్లంతా పొగ నిండి, మధు కళ్లు మండి, తువాలు తీసి ముక్కుకూ నోటికీ అడ్డంగా కట్టుకున్నాడు. మూడోదానికి స్విచ్ వేశాడో లేదో, ఇంట్లో కరెంటు పోయింది.

కింద వాటాలో ఇంటి యజమానురాలు ప్రేమలత, ఆమె భర్త గద్వాల చీరలు నేస్తారు. అప్పుడే మగ్గం పక్కన నూలు కండెలు చుట్టే మోటారు ఆగిపోయింది. ప్రేమలత ఆ సంగతి అడగడానికి మెట్లెక్కబోతుండగా భీమమ్మ ఫోను ఆమెకు వచ్చింది.

"ప్రేమలతమ్మా, మా పిల్లలకు అందరికి వాపులంట. ఫోను ఎత్తుతలేరు, ఇప్పుడు బందే అయింది. జర మీదికి పొయ్యి చూడమ్మా."

ప్రేమలత సగం మెట్లెక్కి తొంగి చూసింది. ఆదివారం పొద్దున ఎండెక్కినా వసంత చీపురు పట్టకుండా, నీళ్లు పట్టకుండా, చెయ్యి చెంపకు ఆనించి గడప మీద కూర్చుని ఉంది. పెళ్లయి ఈ వాటాలో దిగినప్పటి నుంచి వసంత అలా కూర్చోవడం ప్రేమలత చూడలేదు. లోపల పొగలో మధు ముఖానికి గుడ్డ కట్టుకుని దగ్గుతున్నాడు. ప్రేమలత ఆ మెట్టు మీదే ఆగి, గొంతు తగ్గించింది.

"నిజమే పెద్దమ్మా. వసంతక్క లేస్తలేదు, గడపల్నే కూలబడ్డది. అన్న మొకం గుడ్డతోని కప్పుకున్నడు. ఇంట్ల పొగ గూడ ఏసిన్రు."

బండిలో ఉన్నవాళ్లంతా ఆ మాట విన్నారు. రాజు డ్రైవరును జర తొందరగా పొమ్మన్నాడు. అప్పటిదాకా కూడా డ్రైవరు ఆయన మాట మీదే తొందరగా పోతున్నాడు.

బండి ఆగగానే అందరికంటే ముందు రాజు దిగాడు. ఆ ఇంటి మెట్ల మలుపు దగ్గర పై స్లాబు చాలా కిందికి ఉంటుంది. తెలిసినవాళ్లు అక్కడ తల వంచుతారు. రాజు రెండేళ్లుగా రాలేదు గనుక వంచలేదు. స్లాబు అంచు నుదుటికి తగిలిన చప్పుడు కింద మగ్గం దాకా వినబడింది. అయినా ఆగకుండా పైకి వచ్చి, తల పట్టుకుని, వసంతను దాటుకుని లోపలికి వెళ్లాడు. వెనకే భీమమ్మ, నర్సమ్మ, చుట్టాలు, సీతాఫలాల గంప.

పొగలోంచి అన్న కనబడేసరికి మధు చేతిలో పని వదిలేశాడు. నిన్న ఫోనులో మనిషికి రెండని చెప్పినందుకు, తల్లి ఎలాగో ఒప్పించి అన్నను టిఫినుకు తీసుకొచ్చిందని అతను అనుకున్నాడు. ముఖానికున్న తువాలు తీశాడు. కళ్లు పొగకే తడిశాయని అందరూ అనుకునే వీలుంది.

"రాండ్రి, రాండ్రి. ఇంతమంది వస్తరనుకోలే," అన్నాడు.

రాజు తమ్ముడి వైపు చూడకుండా తల్లి వైపు తిరిగాడు. "అడుగమ్మా, ఎట్లున్నదో."

భీమమ్మ కొడుకు చెంపలు, మెడ, చేతులు తడిమింది. "ఎన్నొచ్చినయ్ రా?"

"రెండొచ్చినయమ్మా. ఒకటి చీలింది. ఇంకోటి మాడింది."

నర్సమ్మ అనుభవమున్న మనిషిలా తలాడించింది. "మాడిందంటే ఎండుకొచ్చినట్టే. మంచిదే. చీలింది కారుతున్నదా?"

"కారింది. గట్టు మీదంత కారింది. తుడుస్త, పరేషాన్ గాకుండ్రి. కరెంటొస్తే మిగిలినయ్ గూడ వస్తయ్, కూసోండ్రి."

"కరెంటుకు, దీనికి ఏందిరా?" అంది భీమమ్మ.

అప్పటిదాకా అవ్వ ముఖం, తండ్రి ముఖం మార్చి మార్చి చూస్తున్న తేజస్విని లోపలికి వెళ్లి, మాడిన వాఫుల్‌ను పళ్లెంలో పెట్టుకొచ్చింది.

"అవ్వా, వాపులు కాదు. వాఫుల్స్. తినేటివి."

భీమమ్మ దాన్ని చేతిలోకి తీసుకుంది. అరచెయ్యంత ఉంది. మీద గళ్లు గళ్లుగా ఉంది. కొడుకు అబద్ధం చెప్పలేదు. ఆమె దాన్ని పక్కనున్నవాళ్లకు ఇచ్చింది. అది చేతులు మారుతూ చుట్టాలందరి దగ్గరికీ వెళ్లి, చివరికి నర్సమ్మ దగ్గర ఆగింది. ఆమె దాన్ని గోటితో తట్టి చూసింది. రోగి లేని ఇంటికి బ్రెడ్డు ప్యాకెట్లు తెచ్చినవాళ్లు వాటిని పట్టుకోవాలో దించాలో తెలియక నిలబడ్డారు.

గడప మీది వసంతకు మొదట నవ్వొచ్చింది. అత్తగారి ముఖం చూసి దాన్ని మింగేసింది.

రాజు నేరుగా తమ్ముడి వైపు తిరిగాడు. తల్లిని మధ్యలో పెట్టుకోవడం మరిచిపోయాడు.

"ఏమీ కాలేదారా నీకు?"

"లేదన్నా."

"చేన్ల పత్తిపూలు కలిపే క్రాసింగుకు కూలోళ్లను దింపి, అట్లనే ఇడిశిపెట్టి వచ్చిన. జర జ్వరమన్న లేదా?"

"లేదన్నా."

ఆరోగ్యంగా ఉన్నందుకు మధు జీవితంలో మొదటిసారి సిగ్గుపడ్డాడు. "చక్కెర గీత కాడికొచ్చిందంట," అని తన వంతుగా ఏదో ఒకటి సమర్పించుకున్నాడు.

"అది ఊరందరికి ఉన్నది," అని రాజు దాన్ని తోసిపుచ్చాడు.

నర్సమ్మకు ఈ గొడవతో పని లేదు. ఆమె మూట విప్పి, ఆకులో చుట్టిన పసరు ముద్ద బయట పెట్టింది. "కోడి కూయకముందు లేచి నూరిన. నూరింది కట్టకుంట ఎనుకకు తీస్కపోవద్దు. ఎవరికో ఒకరికి కడుత," అని అక్కడున్నవాళ్లను ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చింది. ఆమె చూపు తగిలినవాళ్లంతా ఒకడుగు వెనక్కి వేశారు. చివరికి ఆ చూపు రాజు నుదుటి మీద నిలిచింది. స్లాబు తగిలిన చోట అప్పటికే నిమ్మకాయంత వాపు లేచింది. నర్సమ్మ ముఖం విప్పారింది.

"ఊకెనే రాలే నేను," అంది.

వద్దన్నా వినకుండా రాజును కూర్చోబెట్టి, పసరు పెట్టి, పాతగుడ్డ తెమ్మంది. మధు తెచ్చాడు. గుడ్డ చుట్టాక వెనక ముడి దగ్గర వేలు పెట్టమంది. మధు అన్న తల వెనక నిలబడి వేలు పెట్టాడు.

"ఏడ తగిలిందన్నా?"

"నీ మెట్ల కాడ."

"జర మీదికి చూసుకుంట రావద్దా?"

"మీదికి చూసేటట్లున్ననా నేను? నిన్ను ఎట్ల చూడాల్నో అనుకుంట వచ్చిన," అన్నాడు రాజు. ఆ మాట అన్నాక ఇద్దరూ కొంచెం ఇబ్బంది పడ్డారు. నర్సమ్మ ముడి బిగించింది.

కట్టు కట్టించుకున్న రాజు ఊరికే కూర్చోలేక, బోరు స్టార్టరు దగ్గర రోజూ చేసే పనే కాబట్టి కాలిన ఫ్యూజు తీగ మార్చి కరెంటు తెప్పించాడు. మిషన్, మోటారు ఒకేసారి వేయవద్దని ప్రేమలత వచ్చి చెప్పి, తను చూసింది ఒకటి, చెప్పింది ఒకటి అయినందుకు నొచ్చుకుని, కాసేపు మోటారు ఆపుకుంటానంది. ఈలోగా వసంత గడప మీంచి లేచి, కొంగు దోపుకుని, తన మీదున్న నిషేధాన్ని ఎవరినీ అడగకుండానే ఎత్తేసింది. వచ్చినవాళ్లంతా పొద్దున్నుంచి ఏమీ తినలేదు. బొరుగులు నీళ్లలో తడిపి పిండేసి, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయల పోపులో కలిపి ఉగ్గాని చేసింది. పక్క పొయ్యి మీద మిరపకాయ బజ్జీలు వేసింది. ఆ వాసనకు కింది నుంచి ప్రేమలత భర్త కూడా వచ్చాడు.

అందరూ పళ్లేలు పట్టుకున్నారు. రాజు కిటికీ దగ్గర జరిగి, బయటికి చూస్తూ కూర్చున్నాడు. తలకు కట్టుంది గానీ మాట మాటే.

మధు వంటింట్లో మరో వాఫుల్ పోశాడు. ఈసారి మిషన్ మీద దీపం ఆరేదాకా మూత ముట్టవద్దని తేజస్విని కాపలా కాసింది. అందంగా రాలేదు గానీ ఒక్క ముక్కగా వచ్చింది. మధు రెండు సీతాఫలాలు విప్పి, గింజలు ఒక్కొక్కటే చేత్తో తీసి, గుజ్జు దాని మీద పరిచాడు. పళ్లెం తీసుకుని వెళ్లి అన్న ముందు నిలబడ్డాడు.

"తిను, అన్నా."

రెండేళ్లు ఆలస్యంగా వచ్చిన మాట అది. రాజుకు అది వినబడిందని కట్టు కింద కనుబొమ్మలు చెప్పాయి. "నేను ముట్టనని చెప్పిన గదా," అన్నాడు, మెల్లగా.

భీమమ్మ బజ్జీ నములుతూనే కలగజేసుకుంది. "ఏం చెప్పినవ్ నువ్వు? అన్నం ముట్టనంటివి. ఇది అన్నమా?"

"కాదు."

"రొట్టె ముట్టనంటివి. రొట్టెకు గిన్ని గుంతలుంటయా?"

రాజు పళ్లెంలోకి వంగి చూశాడు. "ఉండయ్."

"ఛాయ్ అసలే కాదు. ఇంక నువ్వు అన్న మాట ఏడ తప్పుతున్నది?"

రాజు ఆలోచించాడు. ఎటు చూసినా తప్పు కనబడలేదు. పళ్లెం అందుకుని, ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకుని, చాలాసేపు నమిలాడు. గదిలో అందరూ నమలడం ఆపి ఆయననే చూశారు. మధు పక్కనే నిలబడ్డాడు.

"ఉప్పు లేదు," అన్నాడు రాజు.

"ఇండ్ల ఎయ్యరన్నా."

"ఎందుకెయ్యరు?"

"తెల్వదు."

రాజు తలాడించి మిగిలింది తినేశాడు. ఇంకోటి పెట్టమన్నాడు. మనిషికి రెండని కదా లెక్క. అన్నను ఒంటరిగా ఆ తిండికి వదిలేయడం బాగుండదని, మధు కూడా ఉగ్గాని పళ్లెం పక్కన పెట్టి వాఫులే తిన్నాడు. అన్నదమ్ములిద్దరూ కిటికీ దగ్గర కూర్చుని, బజ్జీల పళ్లెం తమను దాటి వెళ్లిన ప్రతిసారీ దాని వెంట చూపు పంపి, మళ్లీ వెనక్కి తెచ్చుకున్నారు.

ఎండ ముదరకముందే బండి బయలుదేరింది. బ్రెడ్డు ప్యాకెట్లు ఇక్కడే ఉండిపోయాయి. ఇంట్లో అందరూ బాగున్నారని, బాగా లేరనుకున్నది పొరపాటని రాజోలిలో చెప్పే బాధ్యత చుట్టాలు తీసుకున్నారు. రాజు మెట్ల మలుపు దగ్గర ఈసారి తల వంచి దిగాడు. బండి ఎక్కబోతూ ఆగి, తమ్ముడి వైపు చూశాడు.

"క్రాసింగు అయినంక వస్త ఒకపారి," అన్నాడు.

"రా అన్నా. వసంత నాటుకోడి కూర చేస్తది."

"కూర అన్నంలకు వస్తది. అన్నం నేను ముట్టనని చెప్పిన గదరా."

పత్తిచేలో క్రాసింగు ముగిసింది. రాజు వచ్చాడు. ఆ తరువాత కూడా వస్తూనే ఉన్నాడు. నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మోటారు సైకిలు మీద దిగుతాడు. వసంత చేసిన కూర వాసన చూసి బాగుందంటాడు. తరువాత కిటికీ దగ్గర కూర్చుంటాడు. మధు మిషన్ బయటికి తీస్తాడు, ప్రేమలత మోటారు ఆపుకుంటుంది. ఆ తిండి తినడం రాజుకు ఇష్టం లేదు, చేయడం మధుకు ఇష్టం లేదు, ఆ సంగతి ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకోలేదు.